ధాత కరువులో ధర్మవిచారణ

కర్నూలు, కడప సీమలలో ‘ధాత కరువు’ అనే మాట తరతరాలుగా వృద్ధుల నోట వినిపిస్తూ వచ్చింది. ధాత నామ సంవత్సరమంటే 1876–77. ఆ యేడు నైరుతి వానలు మొహం చాటువేశాయి. వాటి వెనుక రావలసిన ఈశాన్య వానలు కూడా రాలేదు. నల్లరేగడి చేలల్లో జొన్న మాడిపోయింది. ఎర్రనేలల్లో కొర్రకు, సజ్జకు విత్తనం పడే అదనే దొరకలేదు. పంట పోయిన రైతుకంటె ముందుగా వీధిన పడినవారు మగ్గం మీద బ్రతికే నేతగాండ్రు, పత్తి యేకే దూదేకులవారు. తిండికి కరువైననాడు బట్ట కొనేవారెవరు? కడపకు అప్పటికే రైలు ఉన్నది. కర్నూలు పట్టణానికి లేదు. గుత్తి స్టేషనులో దిగిన ధాన్యం ఎద్దుబండ్ల మీద రావాలి. ఆ ఎద్దులకే మేత లేదు.

ఈ కరువు చరిత్రను అనేకులు వ్రాశారు. అయితే అందులో ఒక ఘట్టం నీతిశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా చదువదగినది. ఆరుబయట రాళ్ళు కొట్టే కూలివానికి రోజుకు ఎంత తిండి పెట్టాలన్న ప్రశ్న 1877లో మద్రాసు రాజధానిలో లెక్కల రూపంలో ముందుకు వచ్చింది. ఆ లెక్కను చేసినవారు చదువుకున్నవారు, తాము న్యాయమే చేస్తున్నామని నమ్మినవారు. మదరసాలో అఖ్లాఖె నాసిరీ చదివిన విద్యార్థికి సద్గుణాల వర్గీకరణ కంఠస్థమై ఉంటుంది. కళాశాలలో బెంథామును, మిల్లును చదివిన విద్యార్థికి అత్యధికుల అత్యధిక సుఖమనే సూత్రం తెలిసి ఉంటుంది. కాని ఒక సిద్ధాంతం ఎక్కడ సరిగా పనిచేస్తుంది, ఎక్కడ చెయ్యి జారుతుంది అన్నది పుస్తకంలోని నిర్వచనం వలన తెలిసేది కాదు. అది కర్నూలు బాట మీద తెలిసింది.

అసలు సంగతి ఇది. కరువు మొదలుకాగానే మద్రాసు ప్రభుత్వం కరువు పనులు తెరిచింది. రోడ్లు వేయడం, చెరువులు పూడిక తీయడం వంటివి. మద్రాసు తీరం వెంబడి ఉన్న బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు త్రవ్వినదే. నాటి గవర్నరు పేరే దానికి నిలిచింది. పెద్దవయసు మగకూలికి రోజుకు ఒకటిన్నర పౌను ధాన్యం, దానిపైన కొద్దిపాటి డబ్బు వచ్చేటట్లు కూలి లెక్కగట్టారు. 1876 చివరికి పనులకు వచ్చేవారి సంఖ్య లక్షలలోకి పోయింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అందరికంటె ముందున్నాయి. కలకత్తాలోని భారత ప్రభుత్వం ఖర్చు చూసి కంగారుపడింది. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ ప్రభువు మహా దర్బారు జరిపాడు. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా మద్రాసుకు పంపాడు.

టెంపుల్ రాతిగుండె మనిషి అని తీసివేయడం సులువు. కాని అది చరిత్రకు న్యాయం కాదు. 1873–74లో బీహారులో కరువు వచ్చినప్పుడు బర్మా నుండి లక్షల టన్నుల బియ్యం తెప్పించి ప్రాణనష్టం అతి తక్కువగా ఉండేటట్లు చూసినవాడు ఆయనే. అందుకు ఆయనకు దక్కినది మెప్పు కాదు. ప్రభుత్వ ధనాన్ని నీళ్ళలా పోశాడన్న నింద దక్కింది. మూడేండ్ల తరువాత దక్షిణాదికి వచ్చిన టెంపుల్ ఆ నిందను మరచినవాడు కాడు. ఆయన పనుల స్థలాలు చూశాడు. అక్కడి జనంలో చాలామంది శరీరాలు మరీ చిక్కి లేవని, అవసరం లేనివారు కూడా వచ్చి చేరారని నిర్ణయించాడు. పెద్దవేలమంది పేర్లు జాబితాల నుండి తొలగిపోయాయి. మగకూలికి ఒకటిన్నర పౌను స్థానంలో ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలునని సిఫారసు చేశాడు. ఒక పౌనంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రాయి కొట్టి, మట్టి మోసే మనిషికి దినమంతటికీ అదే. నేటి లెక్క ప్రకారం అది 1600 కేలరీలు మాత్రమే. కష్టించి పనిచేసేవానికి కావలసినది అంతకు దాదాపు రెట్టింపు.

టెంపుల్ వాదాన్ని విడదీసి చూస్తే మూడు మెట్లు కనిపిస్తాయి. ప్రజాధనం అపరిమితం కాదు, దానిని వృథా చేయడం పన్ను కట్టే రైతుకు అన్యాయం: ఇది మొదటి మెట్టు; ఎవరూ కాదనలేనిది. ప్రాణం నిలబెట్టడం ప్రభుత్వ బాధ్యత, సౌకర్యం కల్పించడం కాదు: ఇది రెండవది, వాదించదగినది. ఒక పౌను ధాన్యంతో పనిచేసే మనిషి ప్రాణం నిలుస్తుంది: ఇది మూడవది. మొదటి రెండూ విలువలకు సంబంధించినవి. మూడవది విలువ కాదు, వాస్తవం. అది అవునో కాదో శరీరం చెప్పాలి, వైద్యుడు చెప్పాలి, ఖజానా చెప్పరాదు. టెంపుల్ దానిని ఒక ప్రయోగంగా చేసి చూడవచ్చునన్నాడు.

ఆయనకు ఎదురు నిలిచినవాడు మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్. వైద్యుడు గనుక ఆయన నీతి మాటలతో ప్రారంభించలేదు. జైళ్ళలో ఖైదీలకు పెట్టే తిండి కొలతలను ముందుంచి, ఒక పౌను మీద మనిషి పనిచేస్తూ బ్రతకగలడన్న ఋజువు ఎక్కడున్నదని అడిగాడు. వట్టి ధాన్యం చాలదనీ, పప్పుదినుసు కూడా ఉండాలనీ వాదించాడు. నేరం చేసి జైలులో ఉన్నవానికి పెట్టేపాటి తిండి, ఏ నేరమూ చేయక కరువు పనికి వచ్చినవానికి లేదన్నది ఆయన చూపిన వైపరీత్యం. ఇద్దరి మధ్య వ్రాతలు నెలల తరబడి నడిచాయి. పత్రికలకెక్కాయి. ఈలోగా శిబిరాలలో మరణాలు పెరిగాయి. 1877 మే నెలాఖరుకు మద్రాసు ప్రభుత్వం టెంపుల్ కూలిని విడిచి, కూలి రేటును మళ్ళీ పెంచింది. అప్పటికి వేసవి గడిచిపోయింది. టెంపుల్ బొంబాయి గవర్నరు పదవికి వెళ్ళిపోయాడు.

ఈ తగవులో తప్పు ఎక్కడున్నదని అడిగితే చాలామంది ‘ప్రయోజనవాదంలో’ అని తొందరపడి జవాబిస్తారు. ఆ జవాబు సరికాదు. ప్రతి మనిషినీ ఒకటిగానే లెక్కించాలన్నది బెంథాము పక్షం వారి నియమమే. ఆ నియమాన్ని నిజంగా పాటిస్తే కర్నూలు కూలివాని ప్రాణం లండను వర్తకుని ప్రాణంతో సమానంగా తూగాలి. తప్పు రెండు చోట్ల జరిగింది. ఒకటి, వాస్తవం తేలవలసిన చోట కోరిక తీర్పు చెప్పింది. ఖర్చు తగ్గాలి గనుక తక్కువ తిండి చాలుతుందని మనసు ఒప్పుకున్నది. రెండు, పొరపాటు జరిగితే దాని భారం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న అడగలేదు. కూలి ఎక్కువైతే ఖజానాకు కొన్ని లక్షల రూపాయల నష్టం. వచ్చే యేడు పూడ్చుకోవచ్చు. కూలి తక్కువైతే పోయినవి ప్రాణాలు. ఏ బడ్జెటులోనూ పూడవు. ఈ రెండు పొరపాట్లను ఒకే తక్కెడలో సమానంగా తూచడమే ఆ ప్రయోగం చేసిన పని.

మన ఫుఖహాల రచనలలో ఈ రెండింటికీ స్పష్టమైన పేర్లున్నాయి. నియమం తెలుసుకోవడం ఒక పని. ఎదుట ఉన్న సందర్భంలో ఆ నియమానికి ఆధారమైన కారణం నిజంగా ఉన్నదో లేదో నిర్ధారించడం మరొక పని. రెండవదానిని ఉసూలె ఫిఖ్హ్ పండితులు తహ్ఖీఖుల్ మనాత్ అన్నారు. రోగి ఉపవాసం మానవచ్చునా అన్న మస్అలాలో ఫఖీహ్ నియమం చెబుతాడు. రోగం ముదురుతుందా లేదా అన్నది నమ్మదగిన వైద్యుడు చెబుతాడు. వైద్యుని చోట ఫఖీహ్ కూర్చుంటే రోగి చస్తాడు. 1877లో వైద్యుని చోట కూర్చున్నది ఖజానా. ఇక రెండవ తప్పు విషయం: లాభం సంపాదించడం కంటె కీడును తప్పించడం ముందు వస్తుందన్న ఖాయిదా ఫిఖ్హ్ విద్యార్థులకు సుపరిచితమే. ఉస్మానీ రాజ్యంలో న్యాయస్థానాల కొరకు కూర్చిన మజల్లా సంపుటి ఆ ఖాయిదాను తన తొలి సాధారణ సూత్రాలలోనే చేర్చింది. ఆ సంకలనం పూర్తయిన సంవత్సరం 1876. కర్నూలులో వాన పడని సంవత్సరం కూడా అదే.

మంచిచెడ్డలను బుద్ధి తనంతట తాను గుర్తించగలదా, లేక షరీఅత్ చెప్పిన తరువాతనే అవి తెలుస్తాయా అన్న పాత వివాదం ఇక్కడ గుర్తుకు రావడం సహజం. ముఅతజిలాలు మొదటి పక్షం, అష్అరీలు రెండవ పక్షం, మాతురీదీలు నడిమి దారి. గంభీరమైన చర్చే. అయితే టెంపుల్ లెక్కను ఆ మూడు పక్షాలలో ఏదీ కాపాడదు. నిర్దోషి అయిన ఆకలిగొన్నవానిని చావనీయరాదన్న నియమంలో ఎవరికీ సందేహం లేదు. దానిని ఒక పౌను మీద అమలు చేయడంలోనే కాలు జారింది. తర్కశాస్త్రం చదివిన వానికి పెద్ద ప్రమేయం మీద ఉండే శ్రద్ధ చిన్న ప్రమేయం మీద ఉండదు. అన్యాయం తరచుగా ఆ చిన్న ప్రమేయంలోనే దూరుతుంది.

ధరల విషయం కూడా ఇట్టిదే. నాటి ఇంగ్లీషు అధికారులు ఆడం స్మిత్ 1776లో వెలువరించిన గ్రంథాన్ని ఆధారం చేసుకొని, ధాన్యపు వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని పట్టుబట్టారు. ధర పెరిగితే సరుకు తానే నడిచి వస్తుందన్నది వారి నమ్మకం. 1866లో ఒరిస్సాలో ఇదే నమ్మకంతో చేతులు కట్టుకొని కూర్చుంటే పది లక్షల దాకా జనం పోయారన్న అంచనా అప్పటికే ఉన్నది. అయినా మద్రాసు ప్రభుత్వం 1876 చివర ఆర్బత్‌నాట్ కంపెనీ ద్వారా 30,000 టన్నుల ధాన్యం రహస్యంగా కొనిపిస్తే పైనుండి మందలింపు వచ్చింది. స్మిత్ గ్లాస్గోలో నీతిశాస్త్రం బోధించిన ఆచార్యుడు. ఎదుటివాని బాధలో మనలను నిలుపుకొని చూడడం గురించి 1759లో ఒక పెద్ద గ్రంథం వ్రాశాడు. ఆ గ్రంథాన్ని కరువు కచ్చేరీలలో ఎవరూ ఉదాహరించినట్లు కనబడదు.

ఈ సందర్భంలో ముస్లిం పాఠకునికి ఒక చిక్కు ఎదురవుతుంది, దానిని దాటవేయరాదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ప్రజలు ధర నిర్ణయించమని కోరగా దైవప్రవక్త (స) నిరాకరించారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో హదీసు ఉన్నది. ఎవరి సొత్తు విషయంలోనూ తమ మీద అన్యాయపు దావా లేకుండా అల్లాహ్‌ను కలుసుకోవాలన్న కోరికను ఆయన (స) అప్పుడు వెల్లడించారు. పైపైన చూస్తే ఇది లిట్టన్ ప్రభువు పక్షానికి ఆధారంలా కనిపిస్తుంది. కాని మరోవైపు, ధర పెరగాలని ధాన్యం దాచిపెట్టడం పాపమని సహీహ్ ముస్లింలో హదీసు ఉన్నది. రెండింటిని కలిపి చదవడమే ఫిఖ్హ్. ఇబ్ను తైమియా (హిజ్రీ 661–728) తన అల్ హిస్బాలో దీనిని విడదీశాడు. సరుకు తగ్గి, కొనేవారు పెరిగి ధర పెరిగితే వర్తకుని మీద ధర రుద్దడం జులుము. సరుకు ఉండి, జనానికి అవసరమై, అమ్మేవాడు బిగబట్టుకొని కూర్చుంటే, న్యాయమైన ధరకు అమ్మించడం పాలకుని విధి. నియమం ఒకటే, దాని వెనుక కారణం మారితే తీర్పు మారుతుంది.

హనఫీ మదరసాలలో ప్రతి విద్యార్థీ చదివే హిదాయాలోనూ ఇదే దారి. ఊరివారికి హాని కలిగే చోట ఆహారధాన్యం బిగబట్టడం నింద్యమని అల్లామా మర్గీనానీ వ్రాశాడు. తన కుటుంబానికి కావలసినంత ఉంచుకొని మిగిలినది అమ్మమని ఖాజీ ఆజ్ఞాపిస్తాడు. సాధారణంగా ధర కట్టరాదు. అయితే అమ్మకందారులు హద్దు మీరి, ప్రజల హక్కును కాపాడడానికి వేరే దారి లేనప్పుడు, తెలిసినవారిని సంప్రదించి ధర నిర్ణయించవచ్చు. ఆ చివరి షరతును గమనించాలి. అక్కడ కూడా వాస్తవం తెలిసినవారిని అడగాలన్నదే మాట. చిత్రమేమంటే ఈ హిదాయా ఇంగ్లీషువారికి తెలియని గ్రంథం కాదు. చార్లెస్ హామిల్టన్ చేసిన అనువాదం 1791లోనే లండనులో అచ్చయింది. కంపెనీ న్యాయస్థానాలలో దశాబ్దాల పాటు వాడుకలో ఉన్నది. తగవులు తీర్చడానికి తెరిచిన గ్రంథాన్ని ధాన్యం పంచడానికి తెరవలేదు.

ఇక హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోని రమాదా సంవత్సరం. హిజ్రీ 18, అంటే క్రీ.శ. 639. వాన లేక హిజాజ్ నేల బూడిద రంగుకు మారినందున ఆ పేరు వచ్చిందంటారు. ఎడారి తెగలు తిండి కొరకు మదీనా చుట్టూ చేరాయి. ఖలీఫా బయటి ప్రాంతాల గవర్నర్లకు వ్రాసి ధాన్యం, నూనె తెప్పించారు. ఆ యేడు జకాత్ వసూలును వాయిదా వేశారు. ఆకలితో చేసిన దొంగతనానికి చెయ్యి నరికే శిక్షను నిలిపివేశారు. ఆజ్ఞను రద్దు చేయడం కాదది, శిక్షకు కావలసిన షరతులు ఆ సంవత్సరం లేవని గుర్తించడం. ప్రజలు తినగలిగేదాకా నెయ్యి ముట్టనని చెప్పి నూనెతో గడిపారు.

ఇమామ్ బుఖారీ (రహ్మ) సంకలనమైన అల్ అదబుల్ ముఫ్రద్‌లో ఆయన మాట ఒకటి నమోదైనది. కరువు తొలగకపోతే కలిగిన ప్రతి ఇంటిలో ఆ ఇంటివారి సంఖ్యకు సమానంగా పేదలను చేర్చి ఉండేవాడిననీ, ఒకరికి సరిపోయే తిండితో ఇద్దరు చావరనీ దాని తాత్పర్యం. ఇక్కడ పాఠకుడు ఒక క్షణం ఆగాలి. ఎంత తక్కువ తిండితో మనిషి ప్రాణం నిలుస్తుందన్నది టెంపుల్ వేసుకున్న ప్రశ్న. హజ్రత్ ఉమర్ (రజి) వేసుకున్నదీ అదే ప్రశ్న. సగం తిండితో ప్రాణం నిలుస్తుందన్న జవాబు కూడా ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఆ సగం ఎవరిదన్న దానిలో ఉన్నది. ఒక లెక్కలో సగం తిండి పేదవాని ముందు పెట్టబడింది, లెక్క వేసినవాని పళ్ళెం నిండుగానే ఉన్నది. రెండవ లెక్కలో కలిగినవాని పళ్ళెం సగమయింది, లెక్క వేసినవాడు తన పళ్ళెం నుండే మొదలుపెట్టాడు. సంఖ్యలు మాత్రమే చూసేవానికి ఈ తేడా కనబడదు.

ఆ యోచన అమలు దాకా రాలేదన్నది నిజమే; వాన పడింది. మదీనా వంటి పట్టణానికి కుదిరేది రెండు కోట్లకు పైబడిన జనమున్న దక్షిణాదికి కుదురుతుందా అన్న ఆక్షేపణ కూడా న్యాయమైనదే. అయితే కర్నూలు జిల్లాలోనే దానికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. కోయిలకుంట్ల సమీపంలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అనే భూస్వామి ధాత కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన మీద కట్టిన పాటలు సీమలో నేటికీ పాడుతున్నారు. విక్టోరియా రాణి పేర బంగారు పతకం కూడా వచ్చింది. పదిమైళ్ళు నడిచి వచ్చావా, నీ డొక్క చూపించు అని ఆయన ఎవరినీ పరీక్షించలేదు. ఉచితంగా పెడితే జనం సోమరులవుతారన్న భయం కచ్చేరీలలో ఎంత ఉన్నదో ఉయ్యాలవాడ వాకిట్లో అంత లేదు. ఒక్క భూస్వామి గాదెలతో జిల్లా నిలువదని చెప్పేవారు చెప్పవచ్చు. జిల్లా నిలువలేదు కూడా. వాకిటికి వచ్చినవారు మాత్రం తిన్నారు.

వాకిటికి రాలేనివారి సంగతి వేరు. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసిన తరువాత కొలువులు పోయి, పరువు మాత్రం మిగిలిన కుటుంబాలు ఆ పట్టణంలో ఉండేవి. కడపలోనూ అంతే. ఘోషా స్త్రీ రాళ్ళు కొట్టే పనికి పోదు, గంజి కేంద్రం వరుసలో నిలబడదు. పనికి వచ్చినవారినే లెక్కించే పద్ధతిలో ఆమె ఆకలి సంఖ్యగా కూడా మారదు. అడగడానికి సిగ్గుపడే పేదలను గురించి, తెలియనివాడు వారిని కలిగినవారనుకుంటాడని బఖరా సూరా 273వ ఆయతులో దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. కరువు పనుల వద్ద శరీరాలను చూసి అవసరం లేనివారని టెంపుల్ తీర్మానించడానికీ ఈ హెచ్చరికకూ ఉన్న సంబంధాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. 1877 ఆగస్టులో మద్రాసు గవర్నరు విజ్ఞప్తి మీద లండను మేయరు విరాళాల నిధి తెరిచిన తరువాతనే, ఇల్లు కదలలేని ఇట్టివారికి ఇంటి వద్ద సహాయం అందించే ఆలోచన స్థానిక కమిటీలకు వచ్చింది. సంవత్సరం ఆలస్యంగా.

కరువు తీరిన తరువాత 1878లో విచారణ సంఘం వేశారు. 1880లో అది సమర్పించిన నివేదిక నుండి కరువు నిబంధనలు పుట్టాయి. పనిచేసే మనిషికి ఆ సంఘం సూచించిన తిండి టెంపుల్ పౌనుకంటె ఎక్కువే. కార్నిష్ పేరు నేటికీ వైద్యచరిత్ర చదివేవారికి తప్ప ఇతరులకు తెలియదు.

కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కలలో 9,14,432 మంది ఉన్నారు. 1881లో లెక్కకు వచ్చినవారు 6,78,551. పోయినవారంతా చనిపోయినవారే కారు. వలస వెళ్ళి తిరిగి రానివారూ ఉన్నారు. కడపలో పదమూడున్నర లక్షలు పదకొండు లక్షల పైచిలుకుకు దిగింది. కర్నూలు 1891లో కొంత తేరుకున్నది. 1901లో లెక్కించినప్పుడు 8,72,055 మంది ఉన్నారు. ముప్పది ఏండ్ల క్రితపు సంఖ్యను జిల్లా అప్పటికీ అందుకోలేదు.